రాహుకాలం లోపల బిగించిన సీట్లు

పోయిన వారం మా అల్లుడు కొత్త కారు కొని, బ్రహ్మంగారిమఠం పోయి పూజ చేయించుకొని వద్దామని అందరినీ ఎక్కించుకున్నాడు. పెద్దవాణ్ణి కదా అని నన్ను ముందు కూర్చోబెట్టి, పక్కనున్న మీట నొక్కితే సీటు దానంతటదే ముందుకూ వెనక్కూ, పైకీ కిందికీ జరుగుతుందని ఎంతో సంబరంగా చూపించాడు. అతను చూపిస్తుండగానే నా చెయ్యి నాకు చెప్పకుండానే సీటు కిందికి పోయి, పట్టు దొరికిన చోట పట్టుకొని గట్టిగా ఒక ఊపు ఊపింది. వెనకనుంచి మా అమ్మాయి పకపకా నవ్వి, "నాయనా, అది షోరూములో బిగించిన సీటు, నీ అంగట్లోది కాదు" అంది. నేనూ నవ్వాను గానీ, మైదుకూరు రోడ్డెక్కిందాకా నా మనసు ఆ కారులో లేదు.

నాకు మొదటినుంచీ కుదురు తక్కువ. జీవితమంతా పక్కవాళ్ళు కూర్చునే సీట్లు కుట్టి, నేను మాత్రం ఒకచోట పావుగంట కూర్చోలేకపోయానని నా భార్య ఇప్పటికీ దెప్పుతుంది. ప్రొద్దుటూరులో మా మేనమామకు కార్లకూ జీపులకూ సీట్లు కుట్టే అంగడి ఉండేది. ఆయన కూతుర్నే నేను చేసుకున్నాను, ఆయన దగ్గరే పని నేర్చుకున్నాను. స్పాంజి కోయడం, రెగ్జిన్ కుట్టడం, ఇనుప ఫ్రేముకు వెల్డింగు పెట్టడం, అన్నీ ఆ అంగట్లోనే. మా తరం వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, అప్పట్లో మన వైపు ఇంటింటికీ కార్లు లేవు, జీపులే ఎక్కువ, వాటి సీట్లు బండరాయి మాదిరి ఉన్నా అడిగేవాడు లేడు.

అలాంటి రోజుల్లో ఒక గురువారం పొద్దున, నేలకు జానెడెత్తులో ఉన్న ఎర్రకారు ఒకటి వచ్చి మా అంగడి ముందు నిలబడింది. రెండే తలుపులు, ఇద్దరికే చోటు. పులివెందుల అవతల ఒక పల్లెలో చీనీ, అదే బత్తాయి, తోటలున్న పెద్ద రైతు ఒకాయన మాకు పాత ఖాతాదారు, ఆయన జీపు సీట్లు మా మామే కుట్టేవాడు. ఆయన కొడుకు బెంగళూరులో చదివి, ఆ కారును అక్కడే సెకండుహ్యాండులో కొన్నాడట. అది చాలదని రేసు కార్లలో వేసే సీట్లు రెండు విడిగా కొని, వాటిని బిగించేవాడు దొరక్క తండ్రిని వెంటబెట్టుకొని మా దగ్గరికి వచ్చాడు. ఆ సీట్లు చూడగానే నాకు చేతులు దురదపెట్టాయి. ఒకే గుల్లగా పోతపోసినట్టు, రెండు పక్కలా రెక్కలతో, కూర్చున్నవాణ్ణి నడుము దగ్గర గట్టిగా పట్టుకునేటట్టు ఉన్నాయి. కానీ కారు నేలలో ఉన్న బోల్టు రంధ్రాలకూ వాటికీ పొత్తు లేదు, మధ్యలో వేరే ఫ్రేము చెయ్యాలి.

అసలు చిక్కు అక్కడ కాదు, పెద్దాయన దగ్గర వచ్చింది. కొలతకోసం ఆయనను ఒకసారి కూర్చోబెడితే, పంచె సర్దుకొని దిగి కూర్చొని, కిటికీలోంచి పైకి చూసి మొహం మాడ్చుకున్నాడు.

"ఏందప్పా ఇది, బాయిలో దిగినట్టుండాది! మనూర్లో మేకలు కాసేటోడు గూడా నన్ను కిందికి సూడాల్నా?"

రేసు సీటంటే కిందికే ఉండాలని కొడుకు ఎంత మొత్తుకున్నా ఆయన వినలేదు. జీపులో ఎంత ఎత్తులో కూర్చుంటాడో అంత కాకపోయినా, కనీసం అయిదంగుళాలు లేపమన్నాడు. మా మామ నా వైపు చూశాడు, నేను సరేనన్నాను. ఫ్రేము అమర్చి, ఇనుప ముక్కలు కోసి కాళ్ళ మాదిరి దాని కింద పెట్టి, అన్నిటినీ మూలకొక చుక్క వెల్డింగుతో అతికించాను. ముందు చుక్కలతో అతికించి, మనిషిని కూర్చోబెట్టి ఎత్తు చూసుకొని, సరిపోయిందన్నాక ఊడదీసి నాలుగు వైపులా నిండుగా వెల్డింగు చేయడం మా పద్ధతి. రెండు సీట్లూ అట్లాగే పెట్టి బోల్టులు బిగించి పెద్దాయనను కూర్చోబెట్టాను. తలపాగా పైకప్పుకు తగులుతుంటే తీసి భుజాన వేసుకున్నాడు గానీ, ఎత్తుకు మాత్రం మురిసిపోయాడు.

సరిగ్గా అప్పుడు గడియారం ఒంటిగంట దాటి పది నిమిషాలు చూపిస్తోంది. గురువారం ఒంటిగంటన్నరకు రాహుకాలం వస్తుంది. కొత్త సీట్ల బండి అంగడి గడప దాటేది అంతలోపలే దాటాలని పెద్దాయన పట్టు.

"ఇంగ సాలు, పోతాం పా. రాహుకాలం పడతాది, నిమ్మకాయలు పెట్టండి బిరీన."

మా మామ అప్పుడే స్నానం చేసి వచ్చి కొబ్బరికాయ చేత పట్టుకున్నాడు, పని మొత్తం అయిపోయిందనుకుంటున్నాడు. ఇంకా కాలేదని చెప్పడానికి నేను నోరు తెరిచాను. పెద్దాయన మొహం చూశాను, మామ మొహం చూశాను, తెరిచిన నోరు మూసుకున్నాను. మళ్ళీ ఎప్పుడో వస్తారు కదా, అప్పుడు చేసిపెడదాంలే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. చక్రాల కింద నిమ్మకాయలు చితికాయి, ఎర్రకారు జమ్మలమడుగు దారి పట్టింది. అక్కడ కొడుకు మేనమామ ఇల్లుందట, బండి చూపించి భోంచేసి పోతామన్నారు.

మామ అన్నానికి పోయాడు. నేను పనిముట్లు సర్దుతుంటే బల్ల మీద వెల్డింగు కడ్డీల కొత్త కట్ట కనిపించింది, పొద్దున నేనే కొనుక్కొచ్చింది. దాని తాడు కూడా విప్పలేదు. రెండు సీట్లకూ కలిపి నేను వాడింది పాత కడ్డీలో సగం ముక్క. ఆ సగం ముక్క మీద ఇద్దరు మనుషులు కూర్చొని, కుర్రవాడి వేగంతో పోతున్నారు. ఎక్కడైనా గొర్రె అడ్డమొచ్చి బ్రేకు కొడితే సీటుతో సహా అద్దం మీద పడతారు.

ఇక కాలు కాలిన పిల్లినే అయ్యాను. పక్క వీధిలో ఎస్టీడీ బూత్‌కు పోయి పల్లెలో పెద్దాయన ఇంటికి ఫోన్ చేస్తే ఎవరో ఆడమనిషి ఎత్తి, ఇంకా రాలేదు, ఏం చెప్పాల అని అడిగింది. ఫోన్ పెట్టేశాను. మామ మోపెడు తీసుకొని, మామతో చెప్పకుండానే బయల్దేరాను. జమ్మలమడుగు చేరేసరికి మూడు దాటింది. ఆ అబ్బాయి మేనమామ భార్య మజ్జిగ చెంబు చేతికిచ్చి, "రాహుకాలం పోతానే ఎల్లబార్రి, ఇప్పుడే" అంది. ఆ మజ్జిగ తాగానో, గట్టుమీద పెట్టి వచ్చానో ఇప్పటికీ గుర్తు లేదు.

అక్కడినుంచి ముద్దనూరు మీదుగా పులివెందుల దాకా ఆ రోడ్డు నాకు కొట్టినపిండి. ఎన్నిసార్లో జీపు సీట్లు వేసుకొని తిరిగిన దారే. ఆ పొద్దు మాత్రం ఎంత పోయినా తరగలేదు. ముందర ఎక్కడ నలుగురు గుమిగూడినా అక్కడే పడిపోయి ఉంటారనుకునేవాణ్ణి, దగ్గరికి పోతే చెనక్కాయల మూటలు దించుకుంటున్న వాళ్ళో, బస్సు కోసం నిలబడిన వాళ్ళో. రోడ్డు మీద గాజుపెంకు మెరిస్తే బండి ఆపి దిగి చూశాను. ముద్దనూరు రైలు గేటు పడింది. ఇక్కడ వాళ్ళూ ఆగి ఉంటారు, ఆగేటప్పుడు బ్రేకు ఎట్లా కొట్టి ఉంటాడో అనుకుంటూ, గూడ్సుబండి పోయిందాకా పట్టాల పక్కన అటూ ఇటూ తిరిగాను. ఆ అబ్బాయికి ఏమన్నా అయితే వాళ్ళమ్మకు నా మొహం ఎట్లా చూపించాలి అన్నదొకటే ఆలోచన.

పల్లె చేరేసరికి ఎండ ఇంకా ఉంది. ఇంటి ముందు ఎర్రకారు కనపడగానే నా కళ్ళలో నీళ్ళు తిరిగాయని చెప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గు లేదు. తలుపు తీసుకొని పెద్దాయన అందులోనే కూర్చొని ఉన్నాడు, చుట్టూ ఊళ్ళోవాళ్ళు, కొడుకు బానెట్టుకు ఆనుకొని నవ్వుతున్నాడు. ఏమీ తెలియనట్టు వెనక్కి తిరిగి, రేపు మళ్ళీ వచ్చి ఏదో వంకతో వెల్డింగు చేసి పోదామా అన్న బుద్ధి ఒక్క క్షణం పుట్టింది. కానీ రేపటిలోపల ఆ అబ్బాయి ఎన్నిసార్లు తిరుగుతాడో.

దగ్గరికి పోయి, ముందు దిగమన్నాను. అంతమంది ముందర చెప్పాను, సీట్ల కింద చుక్కలే ఉన్నాయి, వెల్డింగు లేదని. పెద్దాయన దిగి, రెండు చేతులతో సీటు పట్టి ఒక్క గుంజు గుంజాడు. ముందు కాళ్ళు రెండూ టక్కుమని ఊడి, సీటు చేతిలోకి లేచింది. నేను చెంపదెబ్బకు సిద్ధమై నిలబడ్డాను.

"మీ మామకు తెల్సునా ఇది?"

తెలియదని, నాకొక్కడికే తెలుసని చెప్పాను. ఆయన కొడుకు వైపు చాలాసేపు చూశాడు. సీటును మెల్లగా కిందికి దించాడు.

"నేను తొందర పెడితి. నువ్వు నోరు మూసుకుంటివి. ఇద్దరిదీ తప్పే. లోపలికొచ్చి కాళ్ళు కడుక్కో, సంగటి తిందువు."

మరుసటి రోజు పొద్దున ఆ ఊళ్ళో నాగళ్ళు చేసే కమ్మరి కొట్టంలో వెల్డింగు మిషను అడిగి తీసుకున్నాను. ఎత్తు కాళ్ళు మళ్ళీ అతికించబోతే పెద్దాయన వద్దన్నాడు. కింద కూచున్నోనికి పడేదానికి చోటుండదప్పా, తీసెయ్ అన్నాడు. ఫ్రేము ఒక్కటే నిండుగా వెల్డింగు చేసి, సీట్లను కొడుకు కోరినట్టు నేలకు ఆనించి బిగించాను. తర్వాత కొన్నాళ్ళకు ఆయన ప్రొద్దుటూరు బజారుకు ఆ కారులోనే వచ్చి, ఎవరు పలకరించాలన్నా కిటికీ దగ్గర నడుం వంచాల్సి వస్తుంటే చూసి, వంగేది వాళ్ళే గదా, ఇదే మేలు అని మా మామతో చెప్పి మీసం తిప్పాడట.

మామ మాత్రం నాతో రెండు రోజులు మాట్లాడలేదు. మూడోరోజు నుంచి అంగట్లో కొత్త పద్ధతి పెట్టాడు. ఏ బండి బయటికి పోవాలన్నా, రాహుకాలం వచ్చినా సరే పోయినా సరే, సీటును ఒకసారి నేనూ ఒకసారి ఆయనా ఊపి చూడాలి, ఆ తర్వాతే నిమ్మకాయలు. ఆయన పోయినాక ఆ రెండు ఊపులూ నేనొక్కణ్ణే ఊపేవాణ్ణి. అంగడి మూసి చాలా కాలమైంది.

ఇప్పుడు సీట్లు ఫ్యాక్టరీలోనే వస్తాయి, ఎవరు బిగించారో కూర్చున్నవాడికి తెలియదు, ఎవరు కూర్చున్నారో బిగించినవాడికి తెలియదు. దారిలో ఉండగా షోరూము వాళ్ళు అల్లుడికి ఫోన్ చేసి బండి బాగుందా, అయిదుకు ఎన్ని మార్కులిస్తారని అడిగారు. మర్యాదగానే అడిగారు. ఆ అడిగిన పిల్లకు మా కోసం ఏ రాత్రీ నిద్ర చెడిపోదు, చెడిపోవాల్సిన పనీ లేదు. మఠం దగ్గర అందరూ దిగిపోయాక నేనొక్కణ్ణే కూర్చొని, ఎవరూ చూడకుండా మళ్ళీ సీటు కింద చెయ్యి పెట్టి, ఈసారి మామ వంతు ఊపు ఊపాను. కదల్లేదు. మంచిదే కదా, అయినా చెయ్యి తీయబుద్ధి కాలేదు.