కాటా ప్రోగ్రాంలో నేను రాయని లైను

కడప కాలేజీలో ఏడేళ్లు సీ లాంగ్వేజి చెప్పాను. మెమరీలో తీసుకున్న చోటు పనయ్యాక వదిలెయ్యండి, వదిలేసిన వెంటనే దాని అడ్రసు దాచుకున్న పాయింటర్‌లో నల్, అంటే ఇక అక్కడేమీ లేదని, రాయండి, లేకపోతే మీ ఖర్మ అని గొంతు చించుకునేవాణ్ణి. రాయనివాళ్ల రికార్డులు విసిరికొట్టేవాణ్ణి. అంత కోపం ఉండేది అప్పట్లో.

తర్వాత కాలేజీ మానేసి, మంగంపేట దగ్గర ఒక ముగ్గురాయి మిల్లుకు లారీలు తూచే కాటా ప్రోగ్రాం రాసిచ్చాను. లారీ కాటా ఎక్కితే దాని బరువు కోసం మెమరీలో కాస్త చోటు తీసుకుంటుంది, లారీ దిగితే ఆ చోటు వదిలేస్తుంది. ఇంట్లో బల్లమీద అన్నీ సరిగ్గానే వచ్చాయి. నల్ మాత్రం రాయలేదు. ఎందుకంటే ఏం చెప్పను, బద్ధకం.

బరువు చీటీ వచ్చేదాకా అక్కడ ఎవడూ కాటా మీద ఆగడని నాకు తెలియదు. బోర్డు మీద అంకె నిలవగానే లారీ దించేస్తారు, వెనకది ఎక్కేస్తుంది, డ్రైవరు నడిచొచ్చి చీటీ కొట్టించుకుంటాడు. ఈలోగా మొదటి లారీ వదిలిన చోటు రెండోదానికి దక్కుతుంది. ప్రింటరేమో పాత అడ్రసుకే పోయి అక్కడున్న బరువు అచ్చేస్తుంది. అంటే ముందు లారీ చీటీ మీద వెనక లారీ బరువు! అన్నీ ఒకే రకం లారీలు, ఒకే రకం లోడు కాబట్టి నెలల తరబడి ఎవరికీ తేడా తెలియలేదు. ఒకరోజు ఒక లారీ వెనక చిన్న టిప్పరు ఎక్కింది. గని దగ్గర తూచినదానికంటే ముందు లారీకి నాలుగు టన్నులు తక్కువ వచ్చింది. దారిలో రాయి అమ్ముకున్నాడని ఓనరు ఆ డ్రైవర్ని తీసేశాడు.

నెల తర్వాత ప్రింటరు మార్చడానికి పోయి, లారీలు దిగే తీరు చూశాను. అక్కడే అర్థమైంది. సిగ్గుతో చచ్చిపోవాలి నిజానికి. ఏమీ అనిపించలేదు. చీటీ వచ్చాకే చోటు వదిలేలా మార్చి, కింద నల్ రాశాను. నిమిషం పని.

తప్పు నాదని ఓనరుకు చెప్పాను.

"ఆ బండికి వేరే డ్రైవరు వచ్చినాడప్పా. బాగనే చేస్తాండాడు. ఇప్పుడు ఈన్ని తియ్యమంటావా?" అన్నాడు.

అక్కణ్ణుంచి ఆ డ్రైవరు ఇంటికి పోయాను. యాభై దాటిన మనిషి. అంతా చెప్పాను. తిడితే బాగుండేది, తిట్టలేదు.

"నేనేమో వెనక తలుపు కొక్కెం సరిగ్గా ఎయ్యలేదేమో, దావలో రాలిపోయిందేమో అనుకుంటి సార్. నేనూ నా పెండ్లామూ గని కాడినుంచి మిల్లు దాకా రెండు దినాలు నడుసుకుంటా ఎతికినాం. ఒక్క రాయి గూడా కనపడల్యా. అప్పట్నుంచి అది నాతో మాట్లాడేది గూడా మానేసింది. ఆ మాట దానికి గూడా చెప్పండి సార్, మీకు పుణ్యముంటుంది."

లోపలికి చూసి పిలిచాడు. ఆమె చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి తలుపు దగ్గర నిలబడింది. పాయింటరూ అడ్రసూ ఏమీ ఎత్తకుండా, మిషను తప్పు చూపించిందమ్మా, ఆ మిషను పని నాదే అని చెప్పాను.

ఆమె నన్ను చూడలేదు. అతన్నే చూస్తూ అడిగింది.

"అయితే ఈయప్ప నిజంగా అమ్ముకోల్యా సార్?"