బంతిలో గౌరవ్వ నవ్వు

నేను కామారెడ్డిలో బడిపంతులుగా ఉన్నప్పుడు గౌరవ్వ మా పక్కింటామె. చిన్నప్పుడు మశూచి తల్లి పోసి ఎడమ కన్ను పోయింది. భర్త పోయాక రెండెకరాలూ తానే చూసుకుంటూ ఒక్కగానొక్క బిడ్డ రామవ్వను పెంచింది.

రెండో ప్రపంచ యుద్ధం మొదలవడానికి ముందు ఎండాకాలంలో రామవ్వకు ఎల్లారెడ్డి సంబంధం కుదిరింది. వాళ్లలో లగ్గం పెండ్లికొడుకు ఇంట్లోనే. మేమూ బండ్లలో వెళ్లాం. లగ్గానికి ముందురోజు సాయంత్రం ఇరుపక్షాలూ కలిసి వరసగా బంతి భోజనానికి కూర్చున్నాయి. అప్పుడు మగపెండ్లివారి ఆడవాళ్లు వియ్యపురాలిని వెక్కిరిస్తూ పాడటం ఆనవాయితీ. నడకనో చీరకట్టునో అంటారు గాని, ఒంటి లోపాన్ని ముట్టరు. పెండ్లికొడుకు మేనత్త మంగవ్వ పాట ఊపులో ఆ గీత దాటింది. ఒంటికన్ను వియ్యపురాలికి మా ఇల్లు సగమే కనబడిందని పాడింది.

గౌరవ్వ తమ్ముడు రాజలింగు విస్తరిలోంచి చెయ్యి తీసి లేవబోయాడు. ఆడపిల్ల మేనమామ బంతి మధ్యలో లేచాడంటే సంబంధం తెగినట్టే. రామవ్వ తలుపు చాటు నుంచి తల్లినే చూస్తోంది.

గౌరవ్వ నోట్లో ముద్ద మింగి, తమ్ముడి మోచెయ్యి పట్టుకుంది.

"కూసో రాజలింగూ. కన్ను పోయింది నాది, నీ కూరెందుకు సల్లారాలె?"

అతను సగం లేచినవాడు అట్లాగే ఆగిపోయాడు. ఆమె మంగవ్వ వైపు తిరిగి అదే వరసలో పాట అందుకుంది.

"నా పండ్లు రెండు ఊడినయి, నా చెవి ఒకటి వినవడది, అవి పాడ మరిచితివేందే వదినె."

ముందుగా ఓ ముసలాయన నవ్వాడు, తర్వాత బంతి మొత్తం. రాజలింగు కూడా నవ్వు ఆపుకోలేక కూర్చున్నాడు. మంగవ్వ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని వచ్చి తన చేత్తోనే నెయ్యి వడ్డించింది. తిట్లు తిన్న కడుపు ఇంతతో నిండదని గౌరవ్వ మళ్లీ పోయించుకుంది.

తెల్లారి లగ్గం అయింది. తిరుగు బండిలో నా ఒళ్లో మూడేళ్ల కూతురు. పుట్టుకతో దాని కాలు వంకర. రేపు దాన్ని ఎవరేమంటారోనని నాకు ఎప్పుడూ బెంగే. అందుకే గౌరవ్వను అడిగాను, ఆ మాటకు నొవ్వలేదా అని.

"నొయ్యకుంట ఉంటదా పంతులూ. మంగవ్వ నోరు నా చేతిల లేకుండె. నా నోరు ఉండె."

కాలేజీలో మాకు సైన్సు చెప్పిన ఒకాయన స్టోయిక్కులనే పాత గ్రీకు తత్వవేత్తల గురించి చెబుతుండేవాడు. మన వశంలో లేనిదాన్ని వదిలెయ్యమనేవారట. ఎవరైనా మన లోపాన్ని వెక్కిరిస్తే, ఇంకో రెండు మనమే కలిపి నవ్వమనేవారట. చెప్పినంత తేలికా అనుకున్నాను అప్పట్లో.

ఏడాదికి రామవ్వ తొలి కాన్పుకు వచ్చింది. దిగబెట్టడానికి మంగవ్వ వచ్చింది. పుట్టేవాళ్లకు నీ ముక్కు రావద్దంటే నీ ముక్కు రావద్దని వదినెలిద్దరూ వాకిట్లో పోట్లాడుకుంటుంటే, రామవ్వ పొట్ట పట్టుకుని నవ్వుతూ, ఇక చాలు ఆపమని వాళ్లను బతిమాలింది.