భార్యే కఫీల్ అయినప్పుడు

2022లో యూఏఈలో, అజ్మాన్‌లోని ఒక టైపింగ్ సెంటర్‌లో నన్ను సీనియర్ టైపిస్టుగా వేశారు. జూనియర్లెవరూ లేరు కాబట్టి ఆ హోదాకు పోటీ రాలేదు. జనం తెచ్చిన కాగితాలు చూసి వీసా దరఖాస్తులు ప్రభుత్వ వెబ్‌సైట్‌లోకి ఎక్కించడం మా పని. తర్వాత తర్వాత ఆ పని ఎవరికి వారే ఫోన్లో చేసుకోవడం మొదలుపెట్టారు. అలా నేను ముప్పై ఒకటో ఏట విశ్రాంత ఉద్యోగినయ్యాను.

ఆ ఏడాది వచ్చిన కేసుల్లో సుజాతక్కది ఒకటి. ఊరు అమలాపురం, ఇక్కడ ఆస్పత్రిలో నర్సు. అప్పుడామెకు ఆరో నెల. కాన్పు నాటికి భర్త పక్కన ఉండాలన్నది ఆమె పంతం. ఆయన, రత్నకుమార్ గారు, అప్పటికే విజిట్ వీసా మీద దిగి ఉన్నారు. భార్య తన రెసిడెన్సీ వీసా మీద భర్తకు వీసా తీయవచ్చు. ముందు ఎంట్రీ పర్మిట్, దేశం దాటకుండానే విజిట్ నుంచి రెసిడెన్సీకి స్టేటస్ మార్పు, ఆపైన మెడికల్ టెస్టు, చివరికి ఐడీ కార్డు. మెడికల్ దాకా వచ్చాం.

"ఇంకేం అడ్డం రాదు కదా తమ్ముడూ?" అని ఆమె రోజూ ఫోన్ చేసేది. బావగారు ఇంట్లో బుద్ధిగా కూర్చుంటే ఏమీ రాదని చెప్పేవాణ్ణి.

ఒక సాయంత్రం మా వీధి చివర నెల్లూరు మస్తాన్ భాయ్ కెఫెటీరియాకు వెళ్లాను. కౌంటర్ వెనక ఏప్రన్ కట్టుకుని టీ పోస్తున్నది సాక్షాత్తు మా దరఖాస్తుదారుడే.

"జీతం లేదు తమ్ముడూ, ఊరికే," అన్నారాయన. "ఆవిడ డ్యూటీకెళ్తే నేను గోడలు చూస్తూ కూర్చోవాలా? లిఫ్టులో ప్రతివాడూ 'మీ కఫీల్ ఇంకా రాలేదా' అని అడుగుతాడు."

కఫీల్ అంటే ఎవరి పూచీ మీద మనం ఈ దేశంలో ఉన్నామో వారు. వర్క్ పర్మిట్ లేకుండా పనిచేస్తూ దొరికితే జీతం సంగతి ఎవరికీ పట్టదని, వీసా ఖలాస్ అని, పంపించేస్తారని ఆయనకు చెబుతుండగానే యూనిఫాంలో ఇద్దరు లోపలికొచ్చారు.

మస్తాన్ భాయ్ మొహంలో నెత్తురు చుక్క లేదు. రత్నకుమార్ గారు కప్పు నిండినా పోస్తూనే ఉన్నారు. ఆయన కస్టమరేనని చెబుదామనుకున్నాను గానీ ఏప్రన్ ఒప్పుకునేలా లేదు. నాకు కంఠతా వచ్చిన మెనూను మళ్లీ మొదటి నుంచి చదవసాగాను.

వాళ్లు రెండు టీలు అడిగారు. నిలబడి తాగారు. చక్కెర తక్కువైందని ఒకాయన చెప్పాడు. వెళ్లిపోయారు.

రత్నకుమార్ గారు కుర్చీలో కూలబడి తనే భార్యకు ఫోన్ చేశారు. ఆమె డ్యూటీ దిగి అదే బట్టల్లో వచ్చింది. కేకలేయలేదు. అందుకే భయమేసింది.

"దొరికితే మిమ్మల్ని పంపేస్తారు. పిలిచి అడిగేది నన్ను. నాకు నొప్పులొస్తే పక్కన ఎవరుంటారండీ, మస్తాన్ భాయా?"

"నాకొద్దమ్మా, రక్తం చూస్తే కళ్లు తిరుగుతాయి," అన్నాడు మస్తాన్ భాయ్.

రత్నకుమార్ గారు ఏప్రన్ విప్పి మడతపెట్టి, ఆమె బ్యాగు అందుకుని బయటికి నడిచారు. కార్డు వచ్చింది. కాన్పు నాటికి ఆయన అక్కడే ఉన్నారు. తర్వాత వర్క్ పర్మిట్ తీసుకుని ఉద్యోగంలో చేరారు.

స్పాన్సర్, అంటే కఫీల్, అన్న గడిలో నేను ఎన్నో పేర్లు టైపు చేశాను. అది పెత్తనం గడి అనుకునేవాణ్ణి. భర్త తప్పు చేస్తే ఫోన్ ఎవరికి రావాలో చెప్పే గడి అని ఆ సాయంత్రం తెలిసింది. ఆ తర్వాత భార్య వీసా మీద వచ్చిన ప్రతి భర్తకూ పాస్‌పోర్టు అందుకునే ముందే ఒక మాట చెప్పేవాణ్ణి: వర్క్ పర్మిట్ చేతికొచ్చేదాకా కౌంటర్‌కు టీ తాగే వైపే నిలబడండి.