పప్పు గంజులో పడ్డ బంతి

మాది భూపాలపల్లి. తెలంగాణ ఉద్యమం రోజుల్లో హైదరాబాద్‌లో ఒక ఫుట్‌బాల్ క్లబ్బు ఫార్వర్డ్‌ల కోసం సెలక్షన్ పెడితే బయల్దేరాను. జనగామ దగ్గర రాస్తారోకో. వంటా ఆటా అన్నీ రోడ్డు మీదే. నా బస్సు ఆగిపోయింది.

"అన్నా, జర పోనియ్యండ్రి, మధ్యాహ్నం సెలక్షన్ ఉంది" అని బతిమాలాను.

ఒకాయన నా చేతిలోని బంతి చూసి నవ్వాడు. "ఫార్వర్డ్‌వు గదా, గా రెండు రాళ్ల నడుమ ఒక్క గోల్ కొట్టు. నా బండి మీద నేనే దింపుత."

బలమంతా పెట్టి తన్నాను. బంతి రాళ్ల మీదుగా ఎగిరి, వెనక పొయ్యి మీద ఉడుకుతున్న పప్పు గంజులో పడింది. పొద్దుటి నుంచి ఆకలితో కూర్చున్న జనమంతా నావైపే చూశారు. కొడతారనుకున్నాను.

వండుతున్న అవ్వ బంతిని గరిటెతో తీసి, కొంగుతో తుడిచి నాకిచ్చింది. "పప్పుదేముంది బిడ్డా, మల్ల వండుకుంటం. నీ సెలక్షన్ మల్ల రాదు." అంటూనే ఆయన్ని కసిరింది: "ఏం జూస్తున్నవ్, బండి తియ్యి!"

సెలెక్టయ్యాను. ఏళ్లపాటు ఆడి ఈమధ్యే మానేశాను. గోల్ తప్పినప్పుడల్లా జనం తిట్టేవారు. ఆటకన్నా ఆ తిట్లకే ఎక్కువ అలసిపోయాను. అంతమంది అన్నం పాడుచేసిన రోజు మాత్రం నన్ను ఒక్కరూ ఒక్క మాటనలేదు.