పాతింట్లో పళ్ళెం చప్పుడు

నా పిల్లల మీద ఒట్టు. ఇందులో ఒక్క మాట కూడా కల్పించింది కాదు. మీరు నవ్వినా సరే.

తొంభై ఎనిమిది వానాకాలం. గోదావరి మధ్య ఒక లంకలో నేను నర్సుని. ఆ రాత్రి లక్ష్మికి నొప్పులు మొదలయ్యాయి. తొలికాన్పు. అవతలి ఒడ్డున ఆసుపత్రికని, ఆమె భర్త సూరిబాబు, నేనూ కలిసి పడవ ఎక్కించాం. సగం దూరం కూడా పోలేదు... గాలి. వాన. పడవ గిర్రున తిరిగింది. సూరిబాబు ఎలాగో దాన్ని లంక ఉత్తరపు కొసకి చేర్చాడు.

అక్కడొక పాతిల్లుంది. ఇల్లంటే ఇల్లు కాదు. ఎన్ని వందల ఏళ్ళ నాటిదో... మూరెడు పొడుగు ఇటుకలు, నడుమెత్తు గోడలు, అంతే. పగలు కూడా అటు ఎవరూ పోరు.

"ఇక్కడొద్దండి నర్సమ్మ గారూ," అన్నాడు సూరిబాబు.

"బిడ్డ వచ్చేస్తోంది బాబూ. ముందు పడవలోని పరదా తెచ్చి పట్టుకో."

గోడ మూలన, అతను పట్టుకున్న పరదా కింద, టార్చి వెలుగులో కాన్పు చేశాను. ఆడపిల్ల.

ఏడవలేదు.

నోరు తుడిచాను. వీపు రుద్దాను. అరికాళ్ళ మీద తట్టాను. ఉలుకూ లేదు, పలుకూ లేదు. ఒళ్ళు నీలంగా...

"ఏంటండీ... ఏడవదేంటండీ?" అంటోంది లక్ష్మి.

అప్పుడు వినిపించింది.

ఠంగ్...

గోడకి అవతల. బాగా దగ్గరగా. కంచు పళ్ళెం మీద గరిటెతో కొట్టినట్టు. మా అమ్మమ్మల కాలంలో, పుట్టిన బిడ్డ ఏడవకపోతే చెవి దగ్గర అలాగే మోగించేవారు.

ఠంగ్...

సూరిబాబు కేసి చూశాను. అతని రెండు చేతులూ పరదా మీదే ఉన్నాయి. వాన హోరు కూడా ఎక్కడికో పోయినట్టయింది.

ఠంగ్...

క్యారుమంది పిల్ల!

నా భయమంతా ఎటు పోయిందో. లక్ష్మి నవ్వుతూ ఏడుస్తోంది.

"మీరూ విన్నారాండీ?" అడిగాడు సూరిబాబు. తలూపాను.

"ఎవరండీ అక్కడ?" అని గట్టిగా కేకేశాను. గోడ మీదుగా టార్చి వేశాను. బురద. ఒక్క అడుగుజాడ లేదు.

తెల్లవారాక ఆసుపత్రికి చేరాం. తల్లీ బిడ్డా క్షేమం. డాక్టరమ్మ గారు నా భుజం తట్టి, "ఆ వానలో ఒక్కదానివే చేశావా? ఎవరైనా సాయం ఉన్నారా?" అని అడిగారు.

లేరు అనడానికి నోరు రాలేదు. ఉన్నారు అందామంటే... ఎవరని చెప్పను? ఈ రోజుకీ నాకు తెలియదండీ.