ఆంద్రేస్ చేతిలోంచి లాక్కున్న ఇత్తడి కప్పు

మా చిన్నప్పుడు అమెరికాలో, పార్సిప్పనీ ఊళ్ళో, అపార్ట్‌మెంట్ల పార్కింగ్ లాట్ వెనక గడ్డిలో అటో జత, ఇటో జత చెప్పులు విడిచి అదే గోల్ అనుకునేవాళ్ళం... ఆ చెప్పుల మధ్య నేను. ఎదురుగా బంతితో ఆంద్రేస్.

వాళ్ళది కొలంబియా. వాళ్ళమ్మ మోటెల్‌లో గదులు సర్దేది. సాయంత్రం ఆవిడ వచ్చేదాకా వాడు మా ఇంట్లోనే ఉండేవాడు. అమ్మ సత్తుగిన్నెలో కలిపి పెట్టిన పెరుగన్నంలో ఆవకాయ నంజుకుని, కళ్ళనీళ్ళు కారుతున్నా ఇంకో ముద్ద అడిగేవాడు. నాకొచ్చిన గోల్‌కీపింగ్ అంతా వాడి బంతులు మొహాన తగిలి నేర్చుకున్నదే...

మా తెలుగువాళ్ళు సమ్మర్ పిక్నిక్‌లో పిల్లలకి ఫుట్‌బాల్ పోటీ పెట్టేవారు. నాకు పన్నెండేళ్ళప్పుడు మా టీమ్‌లో ఒకడికి జ్వరం వచ్చింది. వాడి బదులు ఆడమని ఆంద్రేస్‌ని నేనే పిలిచాను. రానంటే బతిమాలి మరీ తీసుకెళ్ళాను. ఈ మాట కాస్త గుర్తుపెట్టుకోండి.

ఫైనల్ మూర్తి అంకుల్ కొడుకు టీమ్‌తో. మూర్తి అంకుల్ ఆ పిక్నిక్‌కి పెద్ద. అంతకంటే ముఖ్యం, మా నాన్న పనిచేసే కన్సల్టింగ్ కంపెనీ ఆయనదే. మా వీసా కాగితాల మీద సంతకం ఆయనదే.

ఆంద్రేస్ మూడు గోల్స్ కొట్టాడు. అంకుల్ ఇండియా నుంచి తెప్పించిన ఇత్తడి కప్పుని ఎవరో ఆంటీ వాడి చేతికిచ్చింది. వాడు దాన్ని పైకెత్తాడో లేదో, అంకుల్ విసవిసా వచ్చి లాగేసుకున్నారు.

“మన తెలుగు పిల్లల ఆటలో ఈ మెక్సికో వాడేంటి? ఏమ్మా శైలూ, మీరు పిలిచారా, వాడే వచ్చి దూరాడా?” అన్నారు నా వైపు తిరిగి.

నాన్న చెయ్యి నా భుజం మీద పడింది. గట్టిగా నొక్కింది. నేను నా బూట్ల లేసులు చూస్తూ నిలబడ్డాను... అంకుల్ ఆ కప్పు తీసుకెళ్ళి కొడుకు చేతిలో పెట్టారు. అందరూ పులిహోర ప్లేట్లు పక్కన పెట్టి మరీ చప్పట్లు కొట్టారు.

పాము పగ పన్నెండేళ్ళంటారు. నాది ఇరవై దాటింది. ప్రతి పండక్కీ అంకుల్ వాళ్ళింటికి వెళ్ళాల్సిందే. హాల్లో అద్దాల బీరువా, అందులో ఆ కప్పు. వాళ్ళ బొబ్బట్లు తింటూ, కప్పుని చూస్తూ, పళ్ళు నూరుకునేదాన్ని. రెండుసార్లు ఆయన కారు టైర్లో గాలి తీశాను. తప్పే... కానీ ఆ రెండు రాత్రులూ హాయిగా నిద్రపట్టింది.

కప్పు లాక్కున్న ఏడాదే ఆంద్రేస్ వాళ్ళు కొలంబియాలో తమ ఊరు కాలీకి తిరిగి వెళ్ళిపోయారు. పదిహేడో ఏట వాడు రెండో డివిజన్ క్లబ్‌లో చేరాడు. గంటల తరబడి బస్సు ప్రయాణాలు, సగం ఖాళీ స్టేడియాలు. తర్వాత మోకాలికి ఆపరేషన్, ఏడాది పాటు ఆట లేదు. పనైపోయిందన్నారు. వాడు మళ్ళీ లేచాడు. మొదటి డివిజన్... ఆ తర్వాత మెక్సికో లీగ్. కొలంబియా జెర్సీ వేసుకుని ఒకే ఒక్క మ్యాచ్‌లో చివరి పది నిమిషాలు ఆడాడు. ఆ పది నిమిషాలూ నేను ఆఫీస్ మీటింగ్‌లో కెమెరా ఆఫ్ చేసుకుని ఏడ్చాను.

వాడు కొట్టిన ప్రతి గోల్ వీడియో మా తెలుగు వాట్సాప్ గ్రూప్‌లో పెట్టేదాన్ని. అది మూర్తి అంకుల్ కోసమే. ఆంద్రేస్‌కి కూడా మెసేజ్ పెట్టేదాన్ని. ఒక బొటనవేలు గుర్తు వచ్చేది, అంతే. బిజీ అనుకునేదాన్ని.

ఈ ఏడు వాడు ఇక్కడి లీగ్‌లోకే వచ్చాడు. వారం తిరక్కుండా అంకుల్ ఫోన్.

“శైలూ, ఆంద్రేస్ మన పార్సిప్పనీ అబ్బాయే కదమ్మా! పిక్నిక్‌కి చీఫ్ గెస్ట్‌గా పిలవ్వా? మా మనవడు వాడి జెర్సీ వేసుకునే పడుకుంటున్నాడు.”

ఇరవై ఏళ్ళకి మెక్సికో వాడు మన అబ్బాయి అయ్యాడు!

“పిలుస్తాను అంకుల్. మీ బీరువాలో కప్పు తీసుకొచ్చి, ఎందుకు లాక్కున్నారో మైక్‌లో చెప్పి, మీ చేత్తో వాడికివ్వాలి. లేకపోతే లేదు.”

నేను ఫోన్ చెవికి ఇంకా గట్టిగా అదుముకున్నాను. చివరికి “సరేనమ్మా” అన్నారు.

పిక్నిక్ రోజు అంకుల్ మైక్ పట్టుకున్నారు. “ఆ రోజు గెలిచింది ఈ బాబే. కప్పు నేను లాక్కున్నాను. నాది తప్పు” అన్నారు, మనవడి ముందే. జాలి పడాలేమో... పడలేదు. ముందు వరసలో కూర్చుని మొత్తం వీడియో తీశాను.

ఆంద్రేస్ ఆయనకి దణ్ణం పెట్టాడు. మనవడి జెర్సీ మీద సంతకం చేశాడు. తర్వాత కప్పు పట్టుకుని నేరుగా నా దగ్గరికి వచ్చాడు.

“సంతోషంగా ఉందా?” అన్నాను.

“ఆయన మీద నాకు కోపమెందుకు? ఆయన నాకెవరు? ఆ రోజు నేను ఆయన్ని చూడలేదు శైలూ... నిన్ను చూశాను” అన్నాడు మెల్లగా. “నన్ను పిలిచింది నువ్వే కదా.”

నేను తల దించుకుని నా కాళ్ళ వైపు చూశాను. మళ్ళీ.

“ఇది నువ్వే ఉంచుకో” అని కప్పు నా ఒళ్ళో పెట్టి వెళ్ళిపోయాడు.

ఇప్పుడది మా వంటింటి గూట్లో ఉంది. నల్లబడ్డప్పుడల్లా చింతపండు వేసి తోముతున్నాను. బయట పారేయలేను, ఎవరికీ ఇవ్వలేను. పగ తీర్చుకోవడం నాకే చేతనవుననుకున్నాను.

మా పిల్లలిప్పుడు పచ్చటి టర్ఫ్ మీద, కోచ్ చెప్పిన చోట నిలబడి ఆడుతున్నారు. చెప్పుల గోల్ లేదు... పక్కింటి పిల్లాణ్ణి బతిమాలి పిలుచుకునే పనీ లేదు.

మీ కప్పు ఎవరు లాక్కున్నారని అడగను, అది అందరం చెబుతాం. మీ చిన్నప్పుడు మీరు తల దించుకుని నిలబడ్డ రోజు ఒకటుంటుందిగా... రాయగలిగితే అది రాయండి.