మేనకోడలికి గురువును బేరమాడబోయాను

ముందే ఒట్టేసి చెబుతున్నాను. తలస్నానం చేసి, తూర్పుకు తిరిగి నిలబడి చెబుతున్నాను: ఇందులో ప్రతి అక్షరమూ నిజం. అబద్ధమైతే మా కృష్ణగిరి వైపు పోచంపల్లి సంతలో ఇకమీదట నా చేతికి ఒక్క ఎద్దూ చిక్కకుండా పోనీ. పశువుల దళారిని, నాకు ఇంతకన్నా పెద్ద ఒట్టు లేదు.

మా అక్క కూతురు హోసూరులో డాక్టరు. చుట్టుపక్కల గులాబీలు పెంచే షెడ్లలో పూలు కోసే ఆడవాళ్లు దగ్గుతో ఆమె దగ్గరికి వస్తుంటారు. మాత్రలిచ్చి పంపడంతో ఆమెకు తృప్తి లేదు. షెడ్లలో కొట్టే పురుగుమందుకూ ఈ దగ్గుకూ సంబంధం ఉందో లేదో పద్ధతిగా పరిశోధన చేసి తేల్చాలని పట్టు. దానికి గైడు కావాలి. గైడు లేనిదే పరిశోధనల కమిటీ అనుమతి ఇవ్వదు. ఆమె ఆసుపత్రిలో పెద్ద డాక్టర్లు మంచివాళ్లే కానీ, రోగులను చూసేసరికే పొద్దు గూకుతుంది. పరిశోధన చేసినవాళ్లు ఎవరూ లేరు.

"ఈ నెల్లో ఎవురూ దొరక్కపోతే వదిలేస్తా మామా. బెంగళూరులో యాడైనా డ్యూటీకి చేరిపోతా," అంది ఫోన్లో. ఆ గొంతు విన్నాక నాకు అన్నం సయించలేదు. తినడం రోజూకంటే కొంచెం ఎక్కువే తిన్నాను, రుచి తెలియలేదు, అంతే.

"నేనుండంగా నీకేం పాపా? జవళగిరి అడివి కాడ ఏనుగు తరుముకుంటే, ఆ ఏనుక్కే బేరం కుదిర్చి వచ్చినోణ్ణి."

"కొన్నోడెవుడు మామా?"

"అది వేరే కథ."

సంతలో మాకొక పద్ధతి ఉంది. తువ్వాలు కింద చేతులు కలిపి, వేళ్లు నొక్కి ధర చెప్పుకుంటాం. పక్కవాడికి అంతు చిక్కదు. అంతకన్నా ముఖ్యం, ఎద్దులో లోపం దళారి నోట రాకూడదు. కొనేవాడే పళ్లు చూసి, నడిపించి కనుక్కోవాలి. గురువును కుదర్చడమూ ఇంతేనని నమ్మాను. మేనకోడలు ప్రొఫెసర్లకు ఈమెయిళ్లు రాస్తుంటే ఫోన్లో దగ్గరుండి నేనే రాయించాను: నాకు అన్నీ వచ్చు, మీ పేరు జోడిస్తే చాలు. జవాబులు రాలేదు. ఒకాయన మాత్రం అభినందనలు పంపాడు.

ఇంతలో బెంగళూరు నుంచి ఊపిరితిత్తుల డాక్టరమ్మ ఒకామె కృష్ణగిరికి వస్తోందని తెలిసింది. పరిశోధన ఎలా మొదలుపెట్టాలో కుర్ర డాక్టర్లకు ఒక పూట క్లాసు చెబుతుందట. కోలారు వైపు తెలుగామె. మేనకోడలు హోసూరు నుంచి బస్సులో దిగింది. నేను కొత్త తువ్వాలు భుజాన వేసుకుని బస్టాండులో కలిశాను.

క్లాసు అయ్యాక డాక్టరమ్మ గదిలో టీ తాగుతుంటే ఇద్దరం లోపలికి వెళ్లాం. మేనకోడలు నోరు తెరిచేలోపు నేనే అందుకున్నాను.

"నమస్కారమమ్మా. మా పాప బంగారం. పరిశోధనలో ఈ పాపకి రానిదంటూ లేదు."

ఆమె టీ కప్పు పక్కన పెట్టింది. "రానిదే లేకపోతే ఇంక నాతో ఏం పనప్పా?"

సంతలో ఇలాంటి మాట నన్నెవరూ అడగలేదు. నా చేయి దానంతట అదే తువ్వాలు మీదికి పోయింది. ఏ వేలు నొక్కాలో తోచలేదు. అప్పుడు నాలో జ్ఞానం వెలిగింది. "పాపా, నీకు రానిదేందో అమ్మకి చెప్పుకో. దాచొద్దు," అన్నాను గంభీరంగా.

అంతే, కట్ట తెగింది. "మేడమ్, ఎంతమందిని చూస్తే లెక్కకి నిలబడుతుందో తెలీదు. కట్టెల పొయ్యి దగ్గునీ పురుగుమందు దగ్గునీ ఎట్లా వేరు చేసేదో తెలీదు. పని పోతుందని భయపడకుండా ఆడోళ్లు నిజం చెప్పాలంటే ఏమని అడగాల్నో, అదీ తెలీదు."

డాక్టరమ్మ ముఖం విప్పారింది. "ఆ కడాది, ఆడోళ్లని అడిగేది, నాకూ సరిగ్గా తెలీదమ్మా. కూచో. ఇద్దరం చూద్దాం."

ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరికే పాఠాల్లో ఏది ముందు చదవాలో చెప్పింది. లెక్కలు చూసే తన శిష్యుడికి ఫోన్ కలిపింది. కుర్ర డాక్టర్లు నెలకోసారి వీడియోలో కలిసి, ఒకరి పనిని ఒకరు ఉతికి ఆరేసే గుంపులో చేర్చింది. గైడుగా తానే ఉంటానంది. నాకు గుండెల మీది గ్రానైటు బండను క్రేను పెట్టి దించినట్టయింది.

ఇదంతా రాసి మేనకోడలికి చదివి వినిపిస్తే, "అంతా బాగుంది గానీ, ఆ గదిలో నువ్వు యాడుండావు మామా?" అంది.

సరే, ఒప్పుకుంటున్నాను. జ్ఞానం వెలగడం, దాచొద్దని నేను చెప్పడం నా కల్పన. "మీరు కొంచేపు బయట కూచోండప్పా," అని డాక్టరమ్మ నన్ను పంపేసింది. రానివన్నీ ఆ పిల్ల తనంతట తానే చెప్పుకుంది. లోపలి మాటలు నాకు తర్వాత బస్టాండులో, బజ్జీలు తింటూ తనే చెప్పింది. నేను వరండాలో బెంచీ మీద తువ్వాలు అంచు నలుపుతూ కూర్చున్నాను. చాలాసేపటికి తలుపు తెరుచుకుంది. మేనకోడలి ముఖం చూశాక, గైడు దొరికిందా అని అడగాల్సిన పనే లేకపోయింది.